తొంభై ప్రతులు, ఒక అచ్చుతప్పు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై మూడో ఏట. అందుకే నా రాత నెమ్మది. ఒక పేరా పూర్తయ్యేలోపు పొయ్యి మీద పులుసు ఇగిరిపోతుంది. అక్షరాలు కూడా అక్కడక్కడ తప్పిపోయే ఉంటాయి. సర్దుకుని చదవండి. మా వీధిలో ఒక అచ్చుతప్పు వల్ల ఏం జరిగిందో తెలిశాక నా తప్పులు మీకు పెద్దగా కనిపించవని నా ధైర్యం.

ఆ శనివారం పొద్దున లార్టే తాత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి స్నానం. ఏడింటికి క్షవరం. ఆ తర్వాత చెప్పులు కుట్టేవాడి దగ్గర కూర్చుని, బూట్లకు కొత్త అడుగులు వేయించుకుని, పదింటికల్లా ఇంటి వాకిట్లోకి వచ్చి కూర్చోవడం. ఎందుకంటే పదింటికి ఆయన పుస్తకం ఆవిష్కరణ. పుస్తకం రాసింది ఆయన కాదు. పుస్తకం ఆయన గురించి. చేసింది మనవరాలు అయేలే.

ఎనభై రెండేళ్ల లార్టే తాత పడవల మీద పేర్లు రాసే పెయింటరు. మా ఆక్రాలో జేమ్స్‌టౌన్ రేవులో ఏ పడవ పక్క చూసినా ఆయన చేతిరాతే. అయేలేకి ఆ రంగుల పిచ్చి తాత నుంచే వచ్చింది. కాకపోతే ఆమె పడవలు వదిలేసి పుస్తకాల మీద పడింది. రాయడం కాదు, చేయడం. మొదటి పుస్తకాన్ని చేపలు పొగబెట్టే పొయ్యి మసితో అచ్చువేసింది. చదివినవాళ్ల వేళ్లన్నీ నల్లబడ్డాయి. "అదే ఆ పుస్తకం" అంది. రెండో పుస్తకాన్ని పాత వలతో కుట్టింది. వలకి చేపవాసన పోలేదు. దాన్ని పిల్లి ఎత్తుకుపోయింది. అది మాత్రం ఆ పుస్తకంలో భాగం కాదు.

మూడోదానికి ఆలోచన తాతే ఇచ్చాడు, తనకి తెలియకుండానే. మావైపు మనిషి పోతే ఫోటోలు, జీవితచరిత్ర, బంధుమిత్రుల నివాళులు అన్నీ కలిపి పుస్తకం అచ్చువేసి, వచ్చినవాళ్లందరికీ పంచుతారు. లార్టే తాత ట్రంకు పెట్టెలో అలాంటివి రెండు వందలకు పైనే ఉన్నాయి. ఒకరోజు వాటిని ఎండలో ఆరబెడుతూ ఆయన నిట్టూర్చాడు.

"చూడవే, వీళ్ల గురించి ఎంత బాగా రాశారో. ఒక్కడైనా చదువుకున్నాడా? నాదైతే నేను చదువుకునే పోతా."

అంతే, అయేలే కళ్లు మెరిశాయి. ముప్పై రెండు పేజీలు, తొంభై ప్రతులు. చూడటానికి అచ్చం చావు పుస్తకంలా ఉంటుంది, మనిషి మాత్రం బతికే ఉంటాడు. జనన తేదీ పక్కన గీత, గీత తర్వాత ఖాళీ. "బంధువు మాట", "పొరుగువారి మాట", "స్నేహితుడి మాట" అంటూ ఎనిమిది పేజీల్లో పైన శీర్షికలే, కింద తెల్లకాగితం. ఒక్కో ప్రతికి దారంతో ఒక పెన్సిల్ కట్టి ఉంటుంది. వచ్చినవాళ్లు తాత ముందే కూర్చుని రాయాలి. తాత అక్కడే చదువుకోవాలి.

దీని మీద అయేలే బతుకే ఆధారపడి ఉంది. డాకర్‌లో కళాకారుల పుస్తకాలకు పెద్ద ప్రదర్శన జరుగుతుంది. దానికి ఊరూరా తిరిగి పుస్తకాలు ఎంచే మదామ్ సోఖ్నా ఆ రోజు పదిన్నరకి వస్తానంది. ఆక్రా నుంచి తీసుకునేది ఒక్క పుస్తకమే. మసి పుస్తకాన్నీ వల పుస్తకాన్నీ ఆమె ఇదివరకే వద్దంది. "ఈసారి ఖాళీ పేజీలు జనం చేతుల్లో నిండుతుంటే నా కళ్లతో చూడాలి" అని రాసింది. ఈసారీ కాదంటే సోమవారం నుంచి తేమా ఊళ్లో చేపల కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేరతానని అయేలే, తాత మేనకోడలైన డెడే అత్తకి మాటిచ్చింది. అత్త ఆ ఉద్యోగం కోసం ముగ్గురి కాళ్లు పట్టుకుంది. వెచ్చగా ఉంటుందని అయేలేకి ఒక స్వెట్టర్ కూడా కొని ఉంచింది.

ఏడింటికి తాత క్షవరానికి వెళ్లాడు. అయేలే ప్రతులు తేవడానికి "అంతా ప్రభువు చిత్తం ప్రింటింగ్ వర్క్స్"కి వెళ్లింది.

దాని యజమాని అడ్జెటే ముప్పై ఏళ్లుగా చావు పుస్తకాలే అచ్చువేస్తున్నాడు. తన షాపులోంచి తప్పుతో ఒక్క పుస్తకం కూడా గడప దాటలేదని ఆయన గర్వం. అయేలేని చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రామ్మా రా. మీ తాత పుస్తకం చూస్తుంటే నాకే ఏడుపొచ్చింది. అంత బాగా వచ్చింది."

అయేలే నవ్వుతూ ఒక ప్రతి తీసింది. రెండు పేజీలు తిప్పేసరికి నవ్వు ఆగిపోయింది.

"మాస్టారూ, ఇవి ఖాళీగా ఉండాల్సిన పేజీలు కదా?"

"ఉన్నాయమ్మా! ఎనిమిది! చూడగానే నా గుండె ఆగినంత పనైంది. దుఃఖంలో ఉన్న పిల్ల, రాయడం మర్చిపోయిందనుకున్నా. నేనే నింపేశా."

"దేంతో నింపారు?"

"నా దగ్గర మంచి నివాళులు దాచిపెట్టి ఉంటాయి. కిందటేడు ఒక పాస్టరుగారు పోయారు, ఆయనవి. ఒక్కసారే వాడారు, కొత్తవాటిలాగే ఉన్నాయి."

"తలకిందులుగా ఒక పేజీ ఉండాలి..."

"తిప్పేశా."

"ఇంకో పేజీకి మధ్యలో గుండ్రంగా రంధ్రం ఉండాలి. అందులోంచి సముద్రం చూడాలి."

"ఎలక కొట్టిందనుకున్నా తల్లీ. కొత్త కాగితం వేసి ప్రార్థన చేతుల బొమ్మ పెట్టా. సముద్రం కావాలంటే బయటికెళ్లి చూడొచ్చుగా, ఎదురుగానే ఉందిగా."

"ఒక్క అక్షరం కూడా మార్చొద్దని చెప్పాను కదా మాస్టారూ!"

"మార్చలేదమ్మా. చేర్చానంతే."

అయేలే మొదటి పేజీకి వచ్చింది. జనన తేదీ పక్కన గీత ఉంది. గీత పక్కన కిందటి వారం గురువారం ఉంది.

"ఇదేంటి?"

"అదీ వదిలేశావు. నువ్వు పని ఇచ్చింది శుక్రవారం. ఎవరైనా మనిషి పోయిన మర్నాడే కదా నా దగ్గరికొస్తారు? ఆలోచించి గురువారం వేశా."

"మా తాత బతికే ఉన్నాడు మాస్టారూ!"

అడ్జెటే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"మన మనసుల్లో ఎప్పటికీ బతికే ఉంటాడమ్మా. ఆ మాట కూడా వేశాను. పన్నెండో పేజీ చూడు."

అప్పుడు గోడకి ఆనించి ఉన్న పెద్ద కాగితం ఒకటి అయేలే కంటపడింది. దాని మీద తాత ఫోటో, చుట్టూ నల్లంచు, పైన, పోయినవాళ్లకి వేసే "ఇల్లు చేరాడు" అన్న అక్షరాలు, కింద ఈ రోజు తేదీ, పది గంటలు, వాళ్ల ఇంటి చిరునామా.

"ఇది... ఇది ఎన్ని వేశారు?"

"తొంభై పుస్తకాలకి యాభై పోస్టర్లు ఉచితం. మా షాపు ఆనవాయితీ. నువ్వేం దిగులుపడకు, తెల్లవారకముందే మా వాళ్లు అన్నీ అంటించేశారు. అదొక్కటే మిగిలింది."

అయేలే పుస్తకాల అట్టపెట్టెలు రెండూ టాక్సీలో వేసుకుని ఇంటికి బయల్దేరింది. ఎనిమిది పేజీల మీద తెల్లకాగితాలు అంటించేస్తే పదిన్నరలోపు పుస్తకాన్ని కాపాడుకోవచ్చని ఆమె లెక్క. దారిలో పోస్టరు కనబడ్డ చోటల్లా టాక్సీ ఆపి, దిగి, చించుతోంది. మూడో గోడ దగ్గర చేపల బుట్టతో పోతున్న ఒకావిడ చేతిమీద చెళ్లున కొట్టింది.

"పోయినాయన బొమ్మ చించుతావా? చూడటానికి ఇంటి పిల్లలా ఉన్నావు!"

"ఆయన పోలేదమ్మా, మా తాత!"

"తాతని పట్టుకుని ఇంత పని చేస్తున్నావా?" అని ఆవిడ బుట్ట దించి రెండో దెబ్బ కూడా ఇచ్చింది.

ఇల్లు చేరేసరికి వాకిలి నిండా షామియానాలు లేచి ఉన్నాయి. పోస్టరు పడ్డ ఇంటికి షామియానావాడు పిలవకుండానే వస్తాడు. బ్రాస్ బ్యాండు కూడా అంతే. ట్రాంబోను బాకావాడు అప్పటికే ఊది సరిచూసుకుంటున్నాడు. ఇరుగుపొరుగు ఎరుపు నలుపు చావు బట్టల్లో బయటికి వచ్చేశారు.

అందరూ నిన్నటిదాకా లార్టే తాతని చూస్తూనే ఉన్నారు కదా అని మీరు అడగొచ్చు. ఆ మాట అక్కడా వచ్చింది.

"నిన్న సాయంత్రం కూడా నాతో పోట్లాడాడే! గురువారం ఎలా పోతాడు?" అన్నాడు ఒక జాలరి.

"తేదీలో అచ్చుతప్పు పడి ఉంటుంది. చావులో పడదుగా" అన్నాడు ఇంకొకడు. అందరూ ఒప్పుకున్నారు.

దాచడం ఎందుకు, నేనూ ఒప్పుకున్నాను. ఆ వాకిట్లోనే పులిసిన మొక్కజొన్న పిండితో కెంకే ఉండలు చుట్టి అమ్మేదాన్ని. ఆ పొద్దున ఆరింటికి ఆయన నా దగ్గరే సబ్బు అడిగి తీసుకెళ్లాడు. కానీ అప్పటికి నేను చదవడం నేర్చి రెండేళ్లే అయింది. అచ్చులో ఉన్నది అబద్ధం కావచ్చని నాకింకా ఎవరూ చెప్పలేదు.

తేమా నుంచి డెడే అత్త ఒక బస్సు నిండా చర్చి మహిళలతో దిగింది. గేటు దగ్గర మొదలైన ఏడుపు వాకిలి మధ్యకి వచ్చేసరికి ఆకాశాన్ని అంటింది.

"మామయ్యా! నాకు చెప్పకుండానే పోయావా మామయ్యా!"

"అత్తా, ఏడవకు. తాత బతికే ఉన్నాడు" అంది అయేలే, పెట్టెలు మోసుకొస్తూ, రొప్పుతూ.

"ఎక్కడున్నాడే?"

"క్షవరానికెళ్లాడు."

డెడే అత్త ఏడుపు ఆపి అయేలే మొహంలోకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"పిల్లకి మతి చెదిరింది. నీళ్లు తీసుకురండే! చాప వేయండి!"

ఇద్దరు బలమైన చర్చి మహిళలు అయేలేని చాప మీద పడుకోబెట్టి నుదుటి మీద తడిగుడ్డ వేశారు. ఆమె లేవబోయినప్పుడల్లా "ఏడువమ్మా, ఏడువు, తేలికవుతుంది" అంటూ భుజాలు నొక్కి పట్టారు. కళ్లముందే డెడే అత్త పెట్టెలు విప్పింది, పుస్తకాలు పంచింది, "పెన్సిళ్లు కూడా పెట్టాడే, మంచి ప్రింటరు" అని మెచ్చుకుంది. గోడ గడియారంలో తొమ్మిదిన్నర. తెల్లకాగితాలు అంటించే ఆశ అక్కడితో పోయింది.

"క్షౌరశాల బోర్టేని అడగండి! ఆయనే చెప్తాడు!" అని అయేలే చాప మీద నుంచి అరిచింది.

అడగక్కర్లేకుండానే బోర్టే గేటులోంచి తూలుతూ వస్తున్నాడు. చేతిలో ఇంకా కత్తెర ఉంది.

"నేనే... నేనే ఈ పొద్దున ఆయనకి గడ్డం గీశాను" అన్నాడు.

"అయ్యో పాపం. చివరిసారి నీ చేతి మీదే జరిగిందా" అని మహిళలు చుట్టూ మూగారు. "పడుకోబెట్టి గీశావా, కూర్చోబెట్టా?"

"ఆయనే కూర్చున్నాడు."

మహిళలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మాట్లాడాడు కూడా! పక్కల కొంచెం పొట్టిగా తియ్యమన్నాడు. ఈ రోజు తన గురించి అందరూ రాస్తారట, అందంగా కనబడాలట. సరేనని పంపించి, బయటికొచ్చి చూస్తే గోడ మీద పోస్టరు. గురువారం పోయాడని ఉంది." బోర్టే కత్తెర పైకెత్తి చూపించాడు. "గురువారం పోయిన మనిషికి నేను శనివారం క్షవరం చేశానా!"

అతను కత్తెర వదిలేసి కుప్పకూలిపోయాడు. అయేలే పక్కనే ఇంకో చాప వేశారు.

"చూశారా? తాత బతికున్నాడనే కదా అతను చెప్పింది!" అంది అయేలే.

"అవునమ్మా, అవును" అని తడిగుడ్డ మార్చారు.

ఇంతలో ఇంటిపెద్ద ఒడార్టే వచ్చాడు. ఆయనది ఏడుపు కాదు, కోపం. చేతికర్రతో నేల మీద మూడుసార్లు కొట్టాడు. బ్యాండు ఆగిపోయింది.

"ఈ కుటుంబానికి పెద్దని నేనొకణ్ని ఉన్నానా లేదా? మనిషి పోతే జిన్ను సారా సీసా పట్టుకుని నా గడప తొక్కి కబురు చెప్పాలా వద్దా? పళ్లు తోముకుంటూ కిటికీలోంచి చూస్తే ఎదురు గోడ మీద నా తమ్ముడు ఇల్లు చేరాడు! ఎవరు చేర్చారు? ఎవర్నడిగి చేర్చారు?"

"ఎవరూ చేర్చలేదు పెదతాతా, ఆయన పోలేదు!" అంది చాప మీద నుంచి అయేలే.

"పోకపోతే ఇంకా పెద్ద తప్పు. కూర్చుంటాను. తేలేదాకా లేవను" అని ఒడార్టే ముందు వరసలో కుర్చీ లాక్కున్నాడు.

పదింటికి చర్చి కార్యదర్శి పుస్తకం చేతపట్టి లేచాడు. గొంతు సవరించుకుని "బంధువు మాట" చదవడం మొదలుపెట్టాడు.

"ఆయన జీవితంలో ఒక్క చుక్క మద్యం ముట్టి ఎరుగరు."

వెనక నుంచి ఒక జాలరి లేచాడు.

"ఎవరు?"

"పుస్తకంలో ఉన్నది చదువుతున్నాను సోదరా. ఆయన కోపమన్నది ఎరుగని శాంతమూర్తి."

"నా పడవ మీద 'ఓపిక' అని రాయమన్నాను" అన్నాడు ఆ జాలరి. "రంగు ఆరకముందే ముట్టుకున్నానని 'తొందర' అని రాసి పోయాడు. పదకొండేళ్లుగా ఆ పేరుతోనే సముద్రంలోకి పోతున్నా!"

"ఇరవై ఏళ్లు గాయక బృందాన్ని నడిపించారు..."

"ఆయన పాడితే చేపలు లోతుకి పోయేవి!"

నవ్వు అక్కడొకటి ఇక్కడొకటి లేచింది. ఎవరో నవ్వకండని కసిరారు, కసిరినవాళ్లే మళ్లీ నవ్వారు. డెడే అత్త ఏడుపు మధ్యలో ఆగి పుస్తకాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇది మా మామయ్య కాదు. ఈయనెవరో నాకు తెలియదు. నా పెళ్లికి తాగి వచ్చి బల్లెక్కి ఆడింది మా మామయ్య. మర్నాడు పొద్దున అందరికన్నా ముందు లేచి వంటగిన్నెలన్నీ కడిగి పెట్టింది కూడా మా మామయ్యే. అది లేకుండా ఏంటీ రాతలు?"

ఆమె దారానికి వేలాడుతున్న పెన్సిల్ పట్టుకుని మొదటి వాక్యం మీద బరబరా గీత కొట్టింది. పక్కన ఖాళీ లేకపోతే పుస్తకాన్ని అడ్డంగా తిప్పి అంచున రాయడం మొదలుపెట్టింది. ఆమె పక్కనున్నావిడ చూసింది. తనూ పెన్సిల్ అందుకుంది. ఆ తర్వాత ఇక ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు. అక్షరం రానివాళ్లు వచ్చినవాళ్ల మోచేతులు లాగి చెప్పి రాయిస్తున్నారు. కుదరనివాళ్లు బొమ్మలు గీశారు. అన్నేసి పెన్సిళ్లు కాగితం మీద నడుస్తుంటే ఎండిన మొక్కజొన్న పొత్తుల మీద కోళ్లు తిరుగుతున్న చప్పుడు. ఒక్క వాక్యం నేనూ రాశాను. తీసుకున్న సబ్బు గురించి.

సరిగ్గా అప్పుడు లార్టే తాత వచ్చాడు.

చెంపలు నున్నగా ఉన్నాయి, బూట్లు మెరుస్తున్నాయి. గేటులోంచి చూస్తే షామియానాలు, బ్యాండు, వంద కుర్చీలు, కుర్చీల నిండా జనం. మనవరాలు తన పుస్తకానికి ఇంత ఏర్పాటు చేసిందా అని ఛాతీ పొంగింది. అందరూ తలలు వంచి రాసుకుంటున్నారు కాబట్టి ఆయన్ని ఎవరూ చూడలేదు. చివరి వరసలో కూర్చుని ఒక ప్రతి తీసుకున్నాడు. మొదటి పేజీ చూశాడు. గురువారం చూశాడు. బట్టల రంగు చూశాడు. విషయం అర్థమైంది.

మీరైతే లేచి అరిచేవారు. లార్టే తాత టోపీ కనుబొమ్మల మీదికి లాక్కున్నాడు. ఆయన కోరుకున్నది ఇదే కదా.

పక్కన కూర్చున్నావిడ తేమా బస్సులో వచ్చింది. ఆయన్ని ఎరగదు.

"పోయినాయన మీకు తెలుసా అన్నయ్యగారూ?" అంది.

"తెలుసు. ఈ పొద్దున కూడా అద్దంలో... ఇంట్లో చూశా."

"ఎలాంటి మనిషి?"

"అందగాడు."

"అయ్యో. ఇక్కడ మాత్రం కోపిష్ఠి అని రాస్తున్నారే."

"ఎవడు రాసింది? ఏదీ, చూపించు" అని లార్టే తాత మెడ చాచి ఒక్కొక్కరి పుస్తకంలోకీ తొంగిచూడటం మొదలుపెట్టాడు.

పదిన్నరకి మదామ్ సోఖ్నా వచ్చింది. నీలం గౌను, మెడలో పెద్ద పూసలు. ఆమెకీ ఒక ప్రతి ఇచ్చారు. ఆమె స్తంభానికి ఆనుకుని, పక్కవాళ్ల ప్రతుల్లోకీ చూస్తూ పేజీలు తిప్పసాగింది. చాప మీద నుంచి అది చూసిన అయేలేకి ఒళ్లు చల్లబడింది. కోల్డ్ స్టోరేజీ చలి అప్పుడే తగిలినట్టైంది. నిండుతాయనుకున్న ఖాళీ పేజీల్లో పాస్టరుగారి పుణ్యకార్యాలు! సోమవారం, స్వెట్టరు. ఆమె తడిగుడ్డ విసిరేసి, చర్చి మహిళల చేతుల కింద నుంచి దూరి లేచింది.

కానీ మదామ్ దగ్గరికి చేరేలోపు జనం మధ్యలోంచి ఒక ముసలాయన లేచి ముందుకు నడిచాడు. ఆయన్ని చూసి అందరూ పెన్సిళ్లు ఆపారు. సోవా తాత. లార్టే తాతతో పందొమ్మిదేళ్లుగా మాటల్లేవు. గళ్లబల్ల మీద సీసా మూతలతో ఆడే ఆటలో, ఆఖరి పందెంలో, లార్టే తాత మూత ఒకటి మాయమైంది. ఒకరు దొంగన్నారు, ఇంకొకరు గుడ్డివాడన్నారు. అంతే.

సోవా తాత జేబులోంచి తుప్పుపట్టిన మూత ఒకటి తీసి అందరికీ చూపించాడు.

"ఇది నా చెప్పు కింద దాచాను" అన్నాడు. "ఆ రోజు గెలిచింది లార్టేనే. పందొమ్మిదేళ్లు వాడి వీధిలోంచి కాకుండా చుట్టూ తిరిగి చర్చికి పోయాను, మొహం చూపించలేక. ఈ రోజు వాడితో పాటు శవపెట్టెలో పెట్టేద్దామని తెచ్చాను. వాడు వింటే బాగుండేది."

వాకిలంతా ముక్కులు చీదుకున్న శబ్దం. ఆ శబ్దంలోంచి, చివరి వరస నుంచి, ఒక గొంతు లేచింది.

"నోటితో చెప్తే కాదురా! 'స్నేహితుడి మాట' పేజీలో రాసి, కింద సంతకం పెట్టు!"

వంద తలలు వెనక్కి తిరిగాయి. లార్టే తాత టోపీ తీసి కుర్చీ మీద నిలబడి ఉన్నాడు.

అప్పుడే తేరుకుని లేచి కూర్చున్న బోర్టే మళ్లీ పడుకున్నాడు. బ్యాండువాళ్లలో సగం మంది గోడ దూకారు. మిగతా సగం ఏం చేయాలో తోచక పెళ్లి పాట అందుకున్నారు. డెడే అత్త కుర్చీలు తోసుకుంటూ వెళ్లి మేనమామ వీపు మీద ఒక్కటి చరిచి, వెంటనే కౌగిలించుకుంది.

"బతికున్నావా! సిగ్గులేదా! ఇంత ఏడిపించి వెనక కూర్చుంటావా!"

"నువ్వు రాస్తున్నావే. మధ్యలో లేపడమెందుకని."

సోవా తాత మాత్రం కదల్లేదు. "నువ్వు బతికున్నావని తెలిస్తే చెప్పేవాణ్ని కాదు" అన్నాడు.

"తెలుసు. అందుకే ఊరుకున్నా. రాయి."

సోవా తాత కూర్చున్నాడు. రాశాడు. సంతకం కూడా పెట్టాడు.

అయేలే మదామ్ సోఖ్నా ఎదుట నిలబడింది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది.

"మదామ్, ఇది నేను చేసిన పుస్తకం కాదు. ఖాళీ పేజీలు ఉండాల్సింది. ఇలా అబద్ధాలతో నిండిపోయి..."

"ఖాళీ పేజీల పుస్తకాలు నేను వంద చూశాను" అంది సోఖ్నా, తల ఎత్తకుండా. "ఖాళీ పేజీ ఇస్తే జనానికి భయం. 'శుభాకాంక్షలు' అని రాసి లేచిపోతారు. నిజం చెప్పాలంటే ఈ రోజు నీకు కాదని చెప్పి వెళ్దామనే వచ్చాను. ఇదెవరూ చేయలేదు. ముందు అచ్చులో అబద్ధం పెట్టావు. అది చూసి ఒళ్లు మండి, వాళ్లంతట వాళ్లే నిజం రాశారు. ఏ రెండు ప్రతులూ ఒకటిగా లేవు. ఈ ఎత్తు నీకెలా తోచింది?"

అయేలే నోరు తెరిచింది. ఆ సమయానికే గేటులోంచి అడ్జెటే వస్తున్నాడు. నల్ల సూటు, చేతిలో పూలచక్రం, మొహంలో వృత్తికి తగిన విచారం.

"నాకు కాదు మదామ్. ఆయనకి" అంది అయేలే.

అడ్జెటే నేరుగా ఒక ప్రతి అందుకున్నాడు. రెండు పేజీలు తిప్పి, గుండె పట్టుకున్నాడు.

"నా పేజీల మీద ఈ గీతలేంటి? ముప్పై ఏళ్లలో నా అచ్చు మీద ఒక్క గీత పడలేదు! ఎవరి పని ఇది?"

"నా గురించే రాసుకున్నారులెండి" అన్నాడు లార్టే తాత.

"మీరెవరు?"

"మీ గురువారం మనిషిని."

అడ్జెటే ఆయన్ని చూశాడు, పుస్తకంలో ఫోటో చూశాడు, మళ్లీ ఆయన్ని చూశాడు.

"ఫోటోలో ఇంకొంచెం సన్నగా ఉన్నారు" అన్నాడు చివరికి.

ఒడార్టే కర్రతో నేల మీద కొట్టాడు. తీర్పు సిద్ధంగా ఉంది. "ఒకటి, చావు గురించి పెద్దకి కబురు పెట్టకపోవడం. రెండు, చావు లేకుండానే చావు జరపడం. రెండు తప్పులు, రెండు జిన్ను సీసాలు." డెడే అత్త ఆ సీసాలు అప్పటికే సంచిలో తెచ్చి ఉంచింది, అసలు చావు కోసం. ఒకటి అక్కడే తెరిచారు. పోయిన పెద్దల పేరున నేల మీద ధార పోశాక మొదటి గుక్క ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. జీవితంలో ఒక్క చుక్క ముట్టి ఎరుగని శాంతమూర్తి చెయ్యి చాచాడు.

వచ్చినవాళ్లని వట్టి చేతులతో పంపకూడదు కాబట్టి నా కెంకే, మిరప పచ్చడి, వేయించిన చేపలు మధ్యాహ్నానికే అయిపోయాయి. మదామ్ సోఖ్నా ఎయిర్‌పోర్టుకి వెళ్తూ నలభై ప్రతులు సంచిలో వేసుకుంది, ఆక్రా పుస్తకం ఇదేనని చెప్పింది. సీసా మూత కూడా అడిగింది, పుస్తకానికి కుట్టిస్తానని. ముసలాళ్లిద్దరూ ఇవ్వలేదు. అది లేకపోతే ఆట ఎలా సాగుతుంది? వాళ్లు అప్పటికే షామియానా కింద గళ్లబల్ల పరిచి, పందొమ్మిదేళ్ల కిందట ఎవరి వంతో తేల్చుకుంటూ మళ్లీ పోట్లాడుతున్నారు. స్వెట్టరు డెడే అత్తే వేసుకుంటోంది.

మిగిలిన ప్రతులన్నీ లార్టే తాత తీసుకుని వారం రోజులు చదువుకున్నాడు. కొన్నిచోట్ల నవ్వాడు. కొన్నిచోట్ల ట్రంకు పెట్టె తెరిచే వంకతో లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. నా వాక్యం చదివిన మర్నాడు మాత్రం సబ్బు తెచ్చి నా గడప మీద పెట్టాడు, కొత్తది.

డాకర్‌లో ఆ పుస్తకం కింద ఇద్దరి పేర్లు వేశారు: అయేలే, అడ్జెటే. ఆ వార్త పేపర్లో వచ్చినప్పటి నుంచి "అంతా ప్రభువు చిత్తం" షాపు మీద కొత్త బోర్డు ఉంది: "కళాకారుల పుస్తకాలు కూడా సరిచేయబడును." రెండో ముద్రణకి అయేలే వెళ్తే ఆయన ఎంతో వినయంగా ఎక్కడెక్కడ ఏ అబద్ధం కావాలో అడిగి రాసుకున్నాడు. ఆ మరణ తేదీ అచ్చుని మాత్రం ఆయన పారేయలేదు. సంవత్సరం ఒక్కటి మారిస్తే సరిపోతుందని జాగ్రత్తగా దాచి ఉంచాడు.

— అకువోర్కోర్ లాంప్టే, డెబ్భై ఒక్కేళ్లు. కెంకే పొయ్యి ఆర్పేసి, ఇప్పుడు టెషీలో చెల్లెలి దగ్గర ఉంటున్నాను.